స్కంధావారశుద్ధి: బారీ రేవులో విషం, మౌనం, ప్రాయశ్చిత్తం



శుద్ధి అనే పదాన్ని మనం దినదినమూ ఉచ్చరిస్తాము. ఆచమనంతో మొదలుపెట్టి పుణ్యాహవాచనం వరకు, స్నానంతో మొదలుపెట్టి సంప్రోక్షణ వరకు మన నిత్యనైమిత్తికాలన్నీ ఆ పదం చుట్టూనే పరిభ్రమిస్తాయి. అయితే ఒక సైనికశిబిరం, వేలాది జనులు నివసించే ఒక రేవుపట్టణం, విషలిప్తమైనప్పుడు దానిని శుద్ధిచేయడం ఎట్లు? ఈ ప్రశ్నను మన పూర్వులు వేసుకొన్నారు, సమాధానమూ వ్రాసిపెట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో అదే ప్రశ్న ఇటలీ దేశపు బారీ రేవులో అత్యంత దారుణంగా ఎదురైంది. ఆ వృత్తాంతాన్ని మన శుద్ధిశాస్త్రంతో కలిపి పరిశీలించడమే ఈ వ్యాసప్రయోజనం.

ముందుగా ఒక మనవి. ఆగ్నేయాస్త్రమూ సమ్మోహనాస్త్రమూ నేటి రసాయనాయుధాలేనని కొందరు ఉత్సాహంతో వ్రాస్తున్నారు. ఆ వాదంతో నాకు పనిలేదు. ఇతిహాసం చెప్పని దానిని ఇతిహాసంలో చూపించడం శాస్త్రసేవ కాదు. శాస్త్రంలో స్పష్టంగా ఉన్నదే మనకు చాలినంత గలదు.

స్కంధావారమూ వైద్యుడూ

సైన్యం విడిది చేసిన స్థలాన్ని మన గ్రంథాలు స్కంధావారం అంటాయి. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో యుక్తసేనీయమనే అధ్యాయం ఉన్నది. దండయాత్రకు వెళ్లే రాజును వైద్యుడు ఏవిధంగా రక్షించాలో అందులో వివరించారు. శత్రువులు మార్గాన్ని, జలాన్ని, నీడను, ఆహారాన్ని, పశుగ్రాసాన్ని, వంటచెరకును విషదూషితం చేస్తారని, వైద్యుడు ఆ దోషాన్ని గుర్తించి శోధించాలని శాస్త్రకారుడు విధించాడు. వైద్యుని గుడారం రాజగృహానికి సమీపంలోనే ఉండాలి, సమస్త ఉపకరణాలతో సిద్ధంగా ఉండాలి, ఆ వైద్యుడు ధ్వజంవలె అందరికీ కనబడాలి. అప్పుడు విషార్తులు, శల్యపీడితులు తికమక లేకుండా అతనిని చేరుకొంటారు అని ఆ అధ్యాయపు భావం.

ఈ చివరి మాటను విజ్ఞులు గుర్తుంచుకోవాలి. వైద్యుడు రాజుకు సమీపంలో ఉండాలి అనడంలో అంతరార్థం ఏమిటి? రాజుకు తెలిసింది వైద్యునికి తెలియాలి. వైద్యునికి తెలిసింది ప్రజకు అందాలి. మధ్యలో తెర ఉండరాదు. బారీ రేవులో జరిగిన అనర్థమంతా ఆ తెర వల్లనే జరిగింది.

కల్పస్థానం తృతీయాధ్యాయంలో సుశ్రుతుడు మరింత విస్తరించాడు. విషజలం జిగురుగా, దుర్గంధంతో, నురుగుతో, చారలతో కనిపిస్తుంది. అందులో మత్స్యాలు, కప్పలు మరణిస్తాయి. తీరంలోని పక్షులు, మృగాలు కలవరపడి తిరుగుతాయి. ఆ నీటిలో దిగిన మనుష్యులకు, గుర్రాలకు, ఏనుగులకు వాంతి, మూర్ఛ, జ్వరం, దాహం, వాపు కలుగుతాయి. విషభూమిని తాకిన అవయవం వాచి మండుతుంది. రోమాలు, నఖాలు రాలిపోతాయి. వాయువు విషపూరితమైతే పక్షులు నేల రాలుతాయి. మనుష్యులకు కాస, శిరోవేదన, నేత్రరోగాలు పుడతాయి. జలానికి కొన్ని వృక్షాలను దహించిన భస్మం, భూమికి ఔషధద్రవ్యాల సేచనం, వాయువుకు ధూపం అని చికిత్సలను కూడా విధించాడు. ఆ ఔషధాల ఫలం నేటి పరీక్షకు ఎంతవరకు నిలుస్తుందో అది వేరే చర్చ. దృష్టి మాత్రం నిర్దుష్టం. ముందు లక్షణాన్ని చూడు, దోషం ఏ మాధ్యమంలో ఉన్నదో నిర్ణయించు, తరువాత ఆ మాధ్యమానికి తగిన శోధనం చేయి. నేటి సైనికవైద్యం కూడా ఇదే క్రమాన్ని అనుసరిస్తుంది.

ధర్మశాస్త్రం మరొక అడుగు ముందుకు వేసింది. విషదిగ్ధమైన బాణాలతో శత్రువును కొట్టరాదని మనుస్మృతి సప్తమాధ్యాయం నిషేధించింది. నిషేధం ఉన్నదంటే ఆ దుష్కృత్యం లోకంలో ఉన్నదనే అర్థం. అందుకే ధర్మశాస్త్రం నిషేధించింది, ఆయుర్వేదం ప్రతిక్రియ చెప్పింది. రెండూ అవసరమే.

రేవులో వెలిగిన దీపాలు

ఇప్పుడు 1943వ సంవత్సరానికి వద్దాము. ఇటలీకి ఆగ్నేయతీరాన, ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున బారీ నగరం ఉన్నది. సెయింట్ నికొలస్ అస్థికలు నిక్షిప్తమైన దేవాలయం గల ప్రాచీననగరం అది. ఆ ఏడాది సెప్టెంబరులో మిత్రరాజ్యాల సేనలు దక్షిణ ఇటలీలో దిగాయి. బ్రిటిష్ ఎనిమిదవ సైన్యానికి బారీయే ప్రధానసరఫరాద్వారమైంది. ఆ సైన్యంలో మన భారతీయ ఎనిమిదవ పదాతిదళం కూడా ఉన్నది. టరాంటోలో దిగి, ఆ శరదృతువులో ట్రిన్యో, సాంగ్రో నదుల వెంట పోరాడింది. అమెరికన్ల పదిహేనవ వైమానికదళం తన ప్రధానకార్యాలయాన్ని డిసెంబరు ప్రారంభంలో బారీకి తెచ్చుకొన్నది. అనగా ఒకే నగరం నౌకాశ్రయం, సైనికభాండాగారం, వైమానికకేంద్రం, ఆసుపత్రుల నిలయంగా రూపొందింది. మన పరిభాషలో అది మహాస్కంధావారం.

డిసెంబరు 2వ తేదీ మధ్యాహ్నం బ్రిటిష్ వైమానికాధికారి ఆర్థర్ కనింగ్‌హామ్ పత్రికావిలేఖరులతో మాట్లాడుతూ, జర్మన్ విమానాలు ఈ ప్రాంతంలో ఏదైనా చేయగలిగితే దానిని తనకు జరిగిన వ్యక్తిగత అవమానంగా భావిస్తానన్నాడు. ఆ సాయంకాలం రేవులో సుమారు 30 నౌకలు నిలిచి ఉన్నాయి. సరుకు త్వరగా దింపాలనే తొందరతో దీపాలన్నీ వెలుగుతున్నాయి. రాత్రి ఏడున్నర ప్రాంతంలో 105 యుంకర్స్ విమానాలు విరుచుకుపడ్డాయి. దాడి ఇరవై నిమిషాలైనా సాగలేదు. ఆయుధాలు నింపిన నౌకలు పేలిపోయాయి, ఇంధనవాహిక పగిలి సముద్రం మీద అగ్ని వ్యాపించింది. ఇరవైఏడు ఇరవైఎనిమిది నౌకలు మునిగాయి. సుమారు వేయిమంది సైనికులు, నావికులు మరణించారు. నగరవాసులు కూడా వందల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు.

సౌప్తికపర్వం చదివినవారికి ఈ దృశ్యం పరిచితమే. విజయం లభించిందనుకొన్న శిబిరం మీదనే అశ్వత్థామ రాత్రివేళ పడ్డాడు. అప్రమత్తత లోపించిన విజయం విజయం కాదని వ్యాసభగవానుడు ఆ పర్వం ద్వారా ఉపదేశించాడు. అయితే బారీ దుర్ఘటన అంతటితో ముగియలేదు. శత్రువు తెచ్చిన అగ్ని కంటె ఘోరమైనది, స్వపక్షమే తెచ్చి దాచిన విషం, ఆ రాత్రి బయటికి వచ్చింది.

దాచిన విషం

జాన్ హార్వీ అనే అమెరికన్ నౌక ఆ రేవులో ఉన్నది. దాని సారథి ఎల్విన్ నోల్స్. సాధారణ ఆయుధసామగ్రితోబాటు ఆ నౌకలో 2,000 మస్టర్డ్ గ్యాస్ బాంబులు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో సుమారు 60 నుండి 70 పౌన్ల విషద్రవం. ముందుగా ప్రయోగించడానికి తెచ్చినవి కావు. జర్మనీ విషవాయువును ప్రయోగిస్తే ప్రతీకారానికి సిద్ధంగా ఉంచుకొనడానికి తెచ్చినవి. విషవాయుప్రయోగాన్ని 1925 నాటి జెనీవా ఒప్పందం నిషేధించినా, అందులో చేరిన ఇటలీయే 1935-36లో ఇథియోపియా ప్రజల మీద ఈ విషాన్నే కురిపించింది. అందువల్ల ఎవరికీ ఎవరి మీదా విశ్వాసం లేదు.

ఆ సరుకు విషయం పరమరహస్యం. రహస్యం కావడం వల్లనే ఆ నౌకను ముందుగా దింపించమని గట్టిగా అడిగే అవకాశం లేకపోయింది. దినాల తరబడి అది వరుసలో నిరీక్షించింది. దాడిలో నౌక పేలిపోయింది. నౌకమీద ఉన్నవారందరూ, విషం సంగతి తెలిసి దానికి కాపలాగా వచ్చిన చిన్న సైనికబృందంతో సహా, మరణించారు. రహస్యాన్ని ఎరిగినవారు రహస్యంతోనే మునిగిపోయారు.

మస్టర్డ్ గ్యాస్ అని పేరేగాని అది స్వభావతః వాయువు కాదు, తైలంవంటి ద్రవం. 1917 జూలైలో బెల్జియం దేశపు ఈప్ర పట్టణం వద్ద జర్మన్లు దానిని తొలిసారి ప్రయోగించినందువల్ల దానికి ఇపెరైట్ అనే నామాంతరం వచ్చింది. నీటికంటె బరువైనది; నీటిలో సులభంగా కరగదు; తైలంలో మాత్రం చక్కగా కరుగుతుంది. వెల్లుల్లి వాసన కొడుతుంది. చర్మం మీద పడిన వెంటనే నొప్పి పుట్టదు. అదే దాని మాయ. కొన్ని గంటలు గడిచిన తరువాత కన్నులు వాస్తాయి, చర్మం బొబ్బలెక్కుతుంది, శ్వాసమార్గం దగ్ధమవుతుంది, రక్తంలో శ్వేతకణాలు క్షీణిస్తాయి. మొదటి నిమిషాలలో వస్త్రాలు విప్పి, సబ్బుతో కడిగితే చాలావరకు రక్షణ కలుగుతుంది. గంటలు గడిచితే ఆ అవకాశం జారిపోతుంది.

బారీలో జరిగినది ఇదే. పేలిన నౌకలోని విషం రేవునీటిమీద తేలుతున్న ఇంధనతైలంలో కలిసింది. నౌకలనుండి దూకినవారు ఆ తైలంలో ఈదారు. ఆసుపత్రులకు చేరినవారి శరీరాలు నల్లని తైలంతో నిండి ఉన్నాయి. ఇది కేవలం తైలమని, రోగులకు చలి, ఆఘాతం తప్ప వేరే బాధ లేదని వైద్యులు భావించారు. తడిసిన వస్త్రాలతోనే కంబళ్లు కప్పి, వేడి తేనీరు ఇచ్చి, తీవ్రగాయాలవారిని ముందుగా చూశారు. దయతో కప్పిన కంబళియే విషాన్ని చర్మానికి అదిమి ఉంచింది. తెల్లవారేసరికి కన్నులు తెరవలేనివారు వందలలో తేలారు. పద్ధెనిమిది గంటలకు తొలిమరణం సంభవించింది. సేవచేసిన వైద్యసిబ్బందిలో కొందరికి కూడా కన్నులు మండాయి, చర్మం బొబ్బలెక్కింది. రోగికి ఏమైందో తెలియక, ఇంకా నిర్ణయించని చర్మవ్యాధి అని పత్రాలలో వ్రాసుకొన్నారు.

సుశ్రుతుని మాటను మళ్లీ తలచుకోండి. వైద్యుడు రాజగృహానికి సమీపంలో ఉండాలి. ఇక్కడ రాజుకు తెలిసిన విషయం వైద్యునికి తెలియదు. ఒక్క వాక్యం చాలు: ఈ నీటిలో ఇపెరైట్ ఉన్నది, వస్త్రాలు విప్పి కడగండి. ఆ ఒక్క వాక్యం ఆ రాత్రి ఆసుపత్రికి చేరలేదు.

నిదానం

అల్జీర్స్‌లోని ఐసెన్‌హోవర్ ప్రధానకార్యాలయం నుండి స్ట్యూవర్ట్ అలెగ్జాండర్ అనే యువవైద్యాధికారి డిసెంబరు 7న బారీ చేరాడు. విషవాయువుల వైద్యంలో శిక్షణ పొందినవాడు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఆ వాసన, ఆ బొబ్బలు అతనికి సందేహం కలిగించాయి. రేవు అధికారులను అడిగితే, తమకు తెలియదన్నారు. ఆయన కోపగించలేదు, వాదించలేదు, నిదానం చేశాడు. ఏ నౌకకు చెందినవారు ఎక్కువగా మరణించారో లెక్కించి, రేవుపటం మీద నౌకల స్థానాలను గుర్తించాడు. మరణాలు జాన్ హార్వీ స్థానం చుట్టూ కేంద్రీకృతమై కనబడ్డాయి. ఈతగాడు సముద్రతలం నుండి బాంబుకవచం ముక్కను పైకి తెచ్చాడు. పరీక్షిస్తే అది అమెరికన్ మస్టర్డ్ బాంబుదని తేలింది.

న్యాయశాస్త్రం చదివినవారికి ఇది అనుమానప్రమాణానికి శుద్ధమైన ఉదాహరణ. లింగదర్శనం, వ్యాప్తిస్మరణం, నిగమనం. ధూమాన్ని చూచి అగ్నిని ఊహించినట్లు, మృతుల స్థానాన్ని చూచి విషస్థానాన్ని ఆయన నిర్ణయించాడు. తరువాత ప్రత్యక్షం దానిని సమర్థించింది.

లెక్కకు వచ్చిన విషార్తులు 628 మంది. ఆ నెల ముగిసేసరికి 83 మంది మరణించారు. నగరవాసులలో ఎందరు ఈ విషం వల్ల మరణించారో ఎవరూ లెక్కించలేదు. ఐసెన్‌హోవర్ ఆ నివేదికను అంగీకరించాడు. చర్చిల్ అంగీకరించలేదు. బ్రిటిష్ పత్రాలలో మరణకారణాన్ని శత్రుచర్య వల్ల కలిగిన దాహం అని మార్చి వ్రాశారు. 1944 ఫిబ్రవరిలో అమెరికన్ సేనాధిపతులు కొంతవరకు ఒప్పుకొన్నా, పత్రాలపై రహస్యముద్ర 1959 వరకు తొలగలేదు. అలెగ్జాండర్‌కు అమెరికన్ సైన్యం బహిరంగంగా గౌరవం చూపినది 1988లో, నలభై అయిదేళ్ల తరువాత.

విషం నుండి ఒక మేలు కూడా పుట్టినదని చెప్పాలి. ఆ రోగులలో శ్వేతకణాలు క్షీణించిన తీరును అలెగ్జాండర్ శ్రద్ధగా నమోదు చేశాడు. అప్పటికే యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్ అనే శాస్త్రజ్ఞులు మస్టర్డ్‌కు సజాతీయమైన నైట్రోజన్ మస్టర్డ్‌ను రక్తసంబంధమైన అర్బుదానికి 1942లోనే పరీక్షించి ఉన్నారు. బారీ నివేదిక ఆ మార్గానికి బలం చేకూర్చింది. సైనికవైద్యవిభాగంలో ఆ నివేదికను అందుకొన్న కార్నెలియస్ రోడ్స్ అనంతరకాలంలో న్యూయార్క్‌లోని స్లోన్ కెటెరింగ్ అర్బుదపరిశోధనసంస్థకు అధిపతి అయ్యాడు. 1949లో నైట్రోజన్ మస్టర్డ్ ఔషధంగా అనుమతి పొందింది. యుక్తిపూర్వకంగా ప్రయోగిస్తే తీక్ష్ణవిషం కూడా ఔషధమవుతుందని చరకుడు చెప్పిన సిద్ధాంతం ఇక్కడ రుజువైంది. అయితే ఈ ఫలాన్ని చూపి ఆ మౌనాన్ని సమర్థించరాదు. సత్యాన్ని వ్రాసిపెట్టినవాని వల్ల మేలు కలిగింది. దానిని దాచినవారి వల్ల కాదు.

భూశుద్ధికి సప్తవిధానాలు

ఇక శిబిరశుద్ధి. మునిగిన నౌకలతో రేవు మూడువారాలు మూతపడింది. 1944 ఫిబ్రవరికి గాని పూర్తిగా పనిచేయలేదు. శిథిలాలను తొలగించడం కంటికి కనబడే పని. విషాన్ని తొలగించడం కనబడని పని. ఆ కాలం నుండి నేటివరకు సైన్యాలు అనుసరించే శోధనవిధానాన్ని చదివినప్పుడు నాకు యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయంలోని ద్రవ్యశుద్ధిప్రకరణం జ్ఞప్తికి వచ్చింది. భూమికి శుద్ధి ఏడువిధాల కలుగుతుందని మహర్షి చెప్పాడు: మార్జనం, దాహం, కాలం, గోక్రమణం, సేకం, ఉల్లేఖనం, లేపం.

మార్జనమంటే ఊడ్చి తొలగించడం. విషశకలాలను, కలుషితవస్త్రాలను ముందుగా వేరుచేయడం ఇదే. దాహమంటే కాల్చడం. విషం పడిన గడ్డిని, పొదలను గాలివాలు చూచి దూరంనుండి దహింపజేసే పద్ధతి సైనికగ్రంథాలలో ఉన్నది. ఆవిరి వ్యాపించే ప్రమాదం ఉన్నందువల్ల దానికి కఠినమైన నియమాలున్నాయి. సేకమంటే తడపడం. బ్లీచింగ్ పొడిని నీటితో ముద్దగా కలిపి నేలమీద, గోడలమీద, వాహనాలమీద పూస్తారు. అందులోని క్లోరిన్ విషాణువును విచ్ఛిన్నం చేస్తుంది. పొడిని నేరుగా శుద్ధవిషం మీద చల్లితే మంట పుట్టే ప్రమాదం ఉన్నందువల్ల మట్టితోనో నీటితోనో కలిపి వాడతారు. ఉల్లేఖనమంటే గీకడం. పైపొర మట్టిని కొన్ని అంగుళాలు గీకి తీసివేస్తారు. లేపమంటే కప్పడం. తొలగించ వీలులేనిచోట కొత్తమట్టిని పొరగా కప్పి దారి చేస్తారు. కాలమంటే వేచి ఉండడం. ఎండకు, గాలికి, వానకు వదిలివేసి, సూచికలు నాటి, జనులను దూరంగా ఉంచుతారు. ఉష్ణప్రదేశంలో దినాలలో పోయే ఇపెరైట్ శీతలప్రదేశంలో వారాల తరబడి నిలుస్తుంది. పదునాలుగు డిగ్రీల ఉష్ణోగ్రతకు దిగువన అది గడ్డకట్టి ఉండిపోతుంది. గోక్రమణానికి మాత్రం ఆధునికవిధానంలో సామ్యం లేదు. లేనిదానిని నేను కల్పించను.

శోధనక్రమం కూడా గమనింపదగినది. ముందు మనుష్యులు, తరువాత పరికరాలు, తరువాత స్థలం. శుద్ధస్థలానికి, అశుద్ధస్థలానికి మధ్య గీత గీస్తారు. గాలి వచ్చే దిక్కున శుద్ధస్థలం ఉంటుంది. గీత దాటేవాడు పాదరక్షలతో మొదలుపెట్టి ఒక్కొక్క వస్తువును క్రమంగా విడుస్తాడు. అర్చకులమైన మనకు ఆత్మశుద్ధి, స్థానశుద్ధి, ద్రవ్యశుద్ధి అనే క్రమం సుపరిచితం. శుద్ధి ఎప్పుడూ శుద్ధిచేసేవానినుండే మొదలవుతుంది. అశుద్ధహస్తంతో చేసిన శోధనం అశుద్ధిని విస్తరింపజేస్తుంది.

ఇక్కడ ఒక విషయం నిష్కర్షగా చెప్పాలి. మంత్రజలప్రోక్షణం ఇపెరైట్‌ను హరించదు. కేవలజలం చల్లినా అది పోదు; ఇంకా వ్యాపిస్తుంది. మంత్రం భావదోషాన్ని శోధిస్తుంది. రసాయనదోషాన్ని రసాయనమే శోధించాలి. దృష్టదోషానికి దృష్టోపాయం, అదృష్టదోషానికి అదృష్టోపాయం అనే విభాగం మీమాంసకులకు కొత్త కాదు. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే మంత్రానికీ అపచారమే, మనుష్యునికీ అపాయమే.

సముద్రం దాచదు

ఒక స్థలం మాత్రం బారీలో శుద్ధి కాలేదు. అది సముద్రగర్భం. జాన్ హార్వీ బాంబులు అనేకం రేవు అడుగున పడిపోయాయి. యుద్ధానంతరం మిగిలిన విషభాండాగారాలను కూడా ఆ సముద్రంలోనే పారవేశారు. యుద్ధం తరువాత కొన్నేళ్ల పాటు వాటిని వెలికితీసే ప్రయత్నాలు జరిగినా, ఎన్నో మిగిలిపోయాయి. నీటిఅడుగున ఇపెరైట్ చుట్టూ గట్టిపెంకు ఏర్పడి, లోపలి ద్రవం దశాబ్దాలు చెక్కుచెదరక ఉంటుంది. బారీకి వాయవ్యాన మోల్ఫెత్తా అనే జాలరుల పట్టణం ఉన్నది. అక్కడి మత్స్యకారుల వలలలో ఆ బాంబులు, ఆ ముద్దలు చిక్కి, వారి చేతులు కాలాయి, కన్నులు వాచాయి. 1946 నుండి అర్ధశతాబ్దం పాటు రెండువందలకు పైగా ఇటువంటి ఉదంతాలు నమోదయ్యాయి. యుద్ధం చేసినవారు ఒకరు, దాచినవారు ఒకరు, కాలినవారు మరొకరు. ఆ జాలరులకు ఆ యుద్ధంతో సంబంధం లేదు. కొందరు ఆనాటికి పుట్టనేలేదు.

కర్మఫలం కర్తకే చెందుతుందని మనం చదువుకొన్నాము. అది జీవుని పారలౌకికగతికి సంబంధించిన సిద్ధాంతం. లోకవ్యవహారంలో మాత్రం దాచిన దోషపు ఫలం చాలాసార్లు నిర్దోషికే చేరుతుంది. అందువల్లనే ధర్మశాస్త్రం ప్రాయశ్చిత్తాన్ని విధించింది, కర్తే తన దోషాన్ని తాను తీర్చుకోవాలని.

మన దేశానికి కూడా ఈ చరిత్రలో భాగమున్నది. 1930లలో మొదలుపెట్టి ఒక దశాబ్దానికి పైగా, అవిభక్తభారతంలోని రావల్పిండిలో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు వందలాది భారతీయసైనికుల మీద మస్టర్డ్ గ్యాస్‌ను పరీక్షించారు. భారతీయుల చర్మం, ఆంగ్లేయుల చర్మం ఈ విషానికి ఏవిధంగా స్పందిస్తాయో తెలుసుకోవాలని ఉద్దేశం. కొందరు సైనికులు తీవ్రంగా కాలి ఆసుపత్రి పాలయ్యారు. ఈ సంగతి 2007లో పత్రికలకెక్కింది.

స్వతంత్రభారతం కూడా ఒకకాలంలో ఈ విషాన్ని నిల్వచేసింది. అయితే 1997లో రసాయనాయుధనిషేధ ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు, తనవద్ద 1,044 టన్నుల మస్టర్డ్ ఉన్నదని మన దేశం ప్రకటించి, 2009 నాటికి దానినంతా ధ్వంసం చేసింది. ఆయుధాన్ని సమకూర్చుకొన్నందుకు కాదు, ప్రకటించినందుకు నేను దీనిని ప్రశంసిస్తున్నాను. 2023 జూలైలో అమెరికా తన చివరి నిల్వను ధ్వంసం చేయడంతో, ప్రకటితమైన నిల్వలన్నీ ప్రపంచంలో సమాప్తమయ్యాయి. ప్రకటించనివి ఎక్కడైనా ఉంటే, వాటికి శుద్ధి లేదు.

ఖ్యాపనం

మనుస్మృతి ఏకాదశాధ్యాయంలో పాపవిమోచనానికి సాధనాలు చెబుతూ, ఖ్యాపనాన్ని మొట్టమొదట పేర్కొన్నారు. ఖ్యాపనమంటే చెప్పుకోవడం, నేను ఈ దోషం చేశాను అని నలుగురి ఎదుట ప్రకటించడం. అనుతాపం, తపస్సు, అధ్యయనం దాని తరువాతివి. చిరకాలం నేను దీనిని కేవలం పారలౌకికవిధిగా భావించాను. అభిప్రాయం మారడానికి కారణమైన ఒక స్వానుభవం ఇక్కడ చెప్పక తప్పదు.

కొన్నేళ్ల క్రితం, ఉత్సవానికి ముందు ఒకనాటి ప్రాతఃకాలంలో మా కోనేటిలో చేపలు చచ్చి తేలాయి. ముందురోజు సాయంత్రం ఎవరో పురుగుమందు డబ్బాలు అందులో కడిగారని కాపలావాడు నా చెవిలో చెప్పాడు. పెద్దలకు నివేదించాను. ఉత్సవం ముగిసేవరకు ఈ సంగతి బయటికి పొక్కితే భక్తులు భయపడతారు, చేపలు తీయించండి, పుణ్యాహవాచనం చేయండి, చాలును అన్నారు. నేను ఆ మాట విన్నాను. పుణ్యాహవాచనం చేశాను. మంత్రం ఎక్కడా తప్పలేదు. ఆ రోజంతా భక్తులు మెట్లమీద కాళ్లు కడుగుకొన్నారు, పిల్లలు నీళ్లలో దిగారు. సాయంకాలానికి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఒక తల్లి తన బిడ్డ చేతులు నాకు చూపించి, స్వామీ, ఇది ఏమి దోషమండీ, ఏ పూజ చేయించమంటారు అని అడిగింది. ఆ ప్రశ్నకు నావద్ద ఒకటే సమాధానం ఉన్నది. అది పూజ కాదు. అమ్మా, నీటిలో పురుగుమందు కలిసింది, సబ్బుతో కడిగి వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి అని ఆమెకు అప్పుడు చెప్పాను. తరువాత మైకులో కూడా చెప్పాను. దైవకృప వల్ల ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. ఆలస్యం మాత్రం నాదే.

బారీ వృత్తాంతం చదివినప్పుడు ఆ తల్లి ముఖమే కనబడింది. కంబళి కప్పిన వైద్యుడు నిర్దోషి, అతనికి తెలియదు. నాకు తెలుసు. సుశ్రుతుడు చెప్పిన లక్షణం, మృతమత్స్యాలు, నా కన్నుల ఎదుటే తేలాయి. అయినా ఒక పూట మౌనం వహించాను. ఖ్యాపనం ప్రథమసాధనమని మహర్షులు ఎందుకు విధించారో ఆనాడు తెలిసింది. ప్రకటించని దోషాన్ని ఎవరూ కడగలేరు. విషం ఎక్కడున్నదో చెప్పినప్పుడే శోధనం మొదలవుతుంది. మార్జనం, సేకం, ఉల్లేఖనం అన్నీ దాని తరువాతివే. సత్యం లేని శౌచం కేవలం స్నానం.

అందువల్ల శౌచసత్యాలు రెండు వేర్వేరు గుణాలని మనం జాబితాలు వల్లించడం మానాలి. స్కంధావారానికైనా, గ్రామానికైనా, దేవాలయానికైనా, గృహానికైనా ఇదే క్రమం. దోషం కనబడితే ముందు నోరు విప్పాలి. ఉత్సవం ఆగితే ఆగనీ. అధికారి కోపిస్తే కోపించనీ. ఎవరో ఒక తల్లి బిడ్డను పట్టుకొని మన ఎదుటికి వచ్చేవరకు వేచి ఉండరాదు.

ఇది వ్రాయడం కూడా నా ప్రాయశ్చిత్తంలో భాగమే.

స్వస్తి.